రెండు దారుల్లో దొరికిన జన్యువు

ఒకే ఒక జన్యువు మీద పుస్తకం రాయడం సాహసం. ఆ జన్యువు మనిషిది కాక, వరిదో పత్తిదో కూడా కాక, ఈస్ట్ అనే ఒంటికణపు జీవిదైతే, పైగా రాసేది తెలుగులోనైతే, దాన్ని మొండితనం అనాలి. ఆ మొండితనానికి నా ఆశీస్సులు. ఈ పుస్తకం ఏ జన్యువు గురించో అది ఈస్టు తొమ్మిదో క్రోమోజోము ఎడమ భుజం మీద ఉంటుంది. దానికి ఎస్‌టీహెచ్1 అని ఒక పేరు, ఎన్‌పీఎస్1 అని ఇంకో పేరు. అది తయారుచేయించే ప్రోటీనులో 1359 అమైనో ఆమ్లాలు. మొదటి పేజీలోనే ఇన్ని అంకెలు పెడితే చదివేవాడు పుస్తకం మూసేస్తాడని అనుభవమున్న ప్రచురణకర్త ఎవరైనా అంటాడు. ఈమె అంకెలన్నీ అక్కడే పెట్టింది. నేను మూయలేదు.

రచయిత్రి నాకు పరాయి మనిషి కాదు. వైశాలిలో మా వీధికి నాలుగు అడుగుల అవతల పెరిగిన పిల్ల. అమ్మానాన్నలది చీరాల వైపు ఊరు, ఉద్యోగరీత్యా ఢిల్లీ చేరి, ఇల్లు కొనుక్కునే వేళకు యమున దాటి గాజియాబాదు జిల్లాలోకి వచ్చినవాళ్ళు. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో చాలామందిది ఇదే చరిత్ర. బడిలో హిందీ, కాలేజీలో ఇంగ్లీషు, ఇంట్లో నాయనమ్మతో తెలుగు. అలా పెరిగిన పిల్లల తెలుగు మాట వరకు వచ్చి, రాత దగ్గర ఆగిపోవడం మామూలే. ఈమెది ఆగలేదు. పరిశోధన కోసం ప్రయోగశాలల్లో రాత్రుళ్ళు గడుపుతూ, వైశాలి స్టేషన్లో మొదలై వైశాలి స్టేషన్లోనే ముగిసే నీలి లైను మెట్రో ప్రయాణంలో సీటు దొరికినప్పుడల్లా ఇది రాసుకుంది. రాతప్రతి నా చేతిలో పెట్టి, "పొగడొద్దు మాస్టారూ, ఎక్కడ అర్థం కాలేదో అక్కడ పెన్సిలుతో గీత పెట్టండి" అంది. గీతలు పెట్టాను. కొన్నిటికి ఆమె ఒప్పుకుంది. ఒప్పుకోని వాటి సంగతి చివర చెబుతాను.

మొదటి అధ్యాయం తాటితోపులో మొదలవుతుంది. ఈస్టు గురించి తెలుగులో రాసేవాళ్ళు ఇడ్లీపిండి దగ్గరికి పరిగెత్తడం రివాజు. అది సగం నిజం కూడా కాదు. రాత్రి రుబ్బిన పిండిని తెల్లారేసరికి పొంగించేది ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ జాతి బాక్టీరియా. ఈస్టులు అందులో ఉన్నా వాటి వాటా చిన్నది. ఈ పుస్తకం ఆ తప్పుదారి పట్టలేదు. లొట్టి లోపల సున్నం పూస్తే తాటినీరు తియ్యగానే ఎందుకుంటుందో, సున్నం లేని పాత లొట్టిలో పడ్డ నీరు మధ్యాహ్నానికే ఎందుకు ఘాటెక్కుతుందో చెప్పి, ఆ లొట్టి అడుగు మడ్డిలోంచి సాకరోమైసిస్ సెరవిసియేను బయటికి తీసి చూపిస్తుంది. రొట్టెలు పొంగించేదీ ఈ జాతే. తిండి బాగా దొరికితే గంటన్నరకొకసారి ఒకటి రెండవుతుంది. 1996లో దీని డీఎన్‌ఏ మొత్తాన్ని చదివేశారు. కేంద్రకం ఉన్న జీవుల్లో ఆ గౌరవం ముందుగా దక్కింది దీనికే. పదహారు క్రోమోజోములు, సుమారు కోటి ఇరవై లక్షల అక్షరాలు, ఆరువేల దాకా జన్యువులు. వాటిలో ఏ ఒక్కటి తీసేసినా కణం బతకలేనివి వెయ్యికి పైగా ఉన్నాయి. మన జన్యువు ఆ వెయ్యిలోది.

బతకలేదని ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు రెండో అధ్యాయంలో ఇచ్చిన జవాబు కోసమే విద్యార్థుల చేత ఈ పుస్తకం చదివిస్తాను. జంట క్రోమోజోములున్న ఈస్టు కణంలో ఆ జన్యువు నకళ్ళు రెండుంటాయి. ఒకదాన్ని చెడగొట్టి, రెండోదాన్ని వదిలేస్తారు. ఆ కణాన్ని పస్తు పెడితే అది నాలుగు సిద్ధబీజాలుగా విడిపోతుంది. నాలుగూ ఒకే సంచిలో ఉంటాయి. ఎంజైముతో సంచి గోడ కరిగించి, సూక్ష్మదర్శిని కింద సన్నటి గాజుసూదితో ఒక్కొక్క బీజాన్నీ ఎత్తి, అగార్ మీద వరసగా నాటుతారు. చెయ్యి వణికితే వరస పోతుంది. రెండు మూడు రోజుల తర్వాత పళ్ళెం తీసి చూస్తే ప్రతి నాలుగింటిలో రెండు చోట్ల తెల్లటి గుండ్రటి కాలనీలు, మిగిలిన రెండు చోట్ల ఖాళీ అగార్. వరస తర్వాత వరస, రెండుకు రెండు. కాలనీలు లేచిన కణాల్లో చెడగొట్టిన నకలు ఒక్కదానిలోనూ ఉండదు. ఇంత చిన్న లెక్కతో ఒక జన్యువు ప్రాణావసరమని తేల్చడం నేను క్లాసులో ఏళ్ళ తరబడి చెప్పిన మెండెల్ నిష్పత్తులకంటే ముచ్చటగా ఉంది. మా కాలంలో బఠానీ గింజల బొమ్మలతో సరిపెట్టేవాళ్ళం.

ఇక అసలు కథ. ఈస్టు కణం డీఎన్‌ఏ అంతా సాగదీస్తే నాలుగు మిల్లీమీటర్లు. అది ఇమడాల్సిన కేంద్రకం మిల్లీమీటరులో ఐదువందలో వంతు. అందుకని డీఎన్‌ఏ హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. ఎనిమిది హిస్టోన్ల ముద్ద ఒక్కొక్కటి, దాని మీద 147 అక్షరాల పొడవున ఒకటిన్నర చుట్టుకు కాస్త పైగా డీఎన్‌ఏ. దీని పేరు న్యూక్లియోసోము. చీరాల ఆడపడుచు కదా, ఈమె దీన్ని కండెకు చుట్టిన నూలుతో పోల్చింది. పోలిక సరిపోయింది, ఒక్క తేడాతో: మగ్గం దగ్గర కండె ఖాళీ అయితేనే పని జరిగినట్టు, ఇక్కడ ఏ కండె ఎక్కడుండాలో, ఎప్పుడు పక్కకు జరగాలో అన్నదే పని. చుట్టు బిగిసిన చోట జన్యువును చదివే యంత్రాంగం చొరబడలేదు. కాబట్టి కండెలను జరిపేవాళ్ళు కావాలి. ఆ జరిపే ప్రోటీన్ యంత్రాలే క్రొమాటిన్ రీమోడలర్లు. ఎస్‌టీహెచ్1 జన్యువు ఇచ్చే ప్రోటీను అలాంటి ఒక యంత్రానికి ఇంజను.

ఈ సంగతి ముందు నుంచీ తెలిసి ఎవరూ దీన్ని వెతకలేదు. పుస్తకానికి ప్రాణమంతా ఆ చరిత్రలో ఉంది. న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయంలో మేరియన్ కార్ల్‌సన్ బృందం 1980లలో ఒక మామూలు ప్రశ్న పట్టుకుంది: మామూలు చక్కెరను, అంటే సుక్రోజును, తినలేని ఈస్టు మ్యూటెంట్లలో ఏం చెడింది? అలా దొరికిన జన్యువుల్లో ఎస్‌ఎన్‌ఎఫ్2 ఒకటి. అదే జన్యువు మరోచోట, ఈస్టు తన లింగరకం మార్చుకునే తీరును పరిశీలించేవాళ్ళకు వేరే పేరుతో దొరికింది. దాన్ని పోలిన జన్యువు ఇంకోటి ఈస్టులో ఉందని 1992లో లారెంట్, యాంగ్, కార్ల్‌సన్ ప్రచురించారు. అదే ఎస్‌టీహెచ్1. చిత్రమేమిటంటే, ఎస్‌ఎన్‌ఎఫ్2 తీసేస్తే ఈస్టు ఈడుస్తూనైనా బతుకుతుంది. పోలికలో చెల్లెలైన ఈ రెండోది తీసేస్తే చచ్చిపోతుంది. ఒకదాని పని రెండోది చేయలేదు.

అదే ఏడాది జపానులో హిరోషిమా విశ్వవిద్యాలయం నుంచి ఎయికో త్సుచియా, తోకిచి మియకావా బృందం మరో పత్రం ప్రచురించింది. వాళ్ళకు చక్కెరతో పని లేదు. వాళ్ళ పత్రం ఒక కొత్త కణవిభజన జన్యువు గురించి. అమెరికాలో లీలండ్ హార్ట్‌వెల్ 1970ల మొదట్లో తెరిచిన దారి అది: వేడి తగిలితే విభజన మధ్యలో ఒకే చోట ఆగిపోయే మ్యూటెంట్లను పట్టుకుని, ఆ మెట్టును నడిపే జన్యువేదో తేల్చడం. ఆ పనికి ఆయనకు 2001లో నోబెల్ వచ్చింది. హిరోషిమా వాళ్ళు ఎన్‌పీఎస్1 అని పేరుపెట్టిన జన్యువు లేకపోతే ఈస్టు డీఎన్‌ఏను రెట్టింపు చేసుకుంటుంది, పిల్లమొగ్గ కూడా పెద్దదవుతుంది, కానీ కేంద్రకం చీలదు. తల్లికీ పిల్లకూ మధ్యనున్న మెడ దగ్గర ఇరుక్కుపోతుంది. ఈ ఎన్‌పీఎస్1, ఆ ఎస్‌టీహెచ్1 ఒకటే జన్యువు.

ఇక్కడే రచయిత్రితో నాకు మొదటి పేచీ. రెండు బృందాలు ఒకే ఏడాది ఒకే చోటికి చేరడాన్ని ఆమె అదృష్టంగా రాసింది. నేను ఒప్పుకోను. 1992 నాటికి ఏ జన్యువు దొరికినా దాని అక్షరాలు చదివి, అప్పటికే చదివిన వాటితో పోల్చి చూడటం ప్రయోగశాలలకు అలవాటైపోయింది. పోల్చి చూసినవాళ్ళకు బంధుత్వాలు కనబడతాయి. ఆ ఏడాదే పండ్ల ఈగలో బ్రహ్మ అనే జన్యువు కూడా ఈ కుటుంబంలోదేనని తేలింది. పేరు నిజంగానే బ్రహ్మే. ఆ ఈగల జన్యువుల గుంపుకు పేర్లు పెట్టినవాళ్ళు దేశదేశాల తలరాత దేవతలను వెతికి పట్టుకున్నట్టుంది, కిస్మత్ కూడా ఉంది. మనుషుల్లో ఉన్న రెండు దగ్గరి బంధువుల పేర్లలోనూ బ్రహ్మే ఉన్నాడు. కాబట్టి అది అదృష్టం కాదు, పద్ధతి. రెండో ముద్రణలో ఆ వాక్యం మారుస్తానని ఆమె మాట ఇవ్వలేదు. నేనూ వదల్లేదు.

1996లో కథ చిక్కబడుతుంది. స్టాన్‌ఫర్డులో రోజర్ కార్న్‌బర్గ్ ప్రయోగశాల నుంచి బ్రాడ్లీ కెయిర్న్స్, ఇతరులు ఆర్‌ఎస్‌సీ అనే ప్రోటీన్ల కూటమిని శుద్ధిచేసి చూపించారు. అప్పటికి లెక్కకొచ్చిన ప్రోటీన్లు పదిహేను. ఎస్‌ఎన్‌ఎఫ్2 పనిచేసే పాత కూటమికంటే ఇది కణంలో కనీసం పది రెట్లు ఎక్కువ. దాని నడిమధ్య ఇంజను మన ప్రోటీనే. న్యూక్లియోసోము కట్టుబడి ఎలా ఉంటుందో 1974లోనే చెప్పినవాడు కార్న్‌బర్గ్. కండెలను చూసినవాడి ఇంట్లోనే వాటిని జరిపే యంత్రమూ దొరకడం సబబుగా ఉంది. (దీన్నయినా అదృష్టం అనలేదు మా అమ్మాయి.) తర్వాత 2002లో సాహా, విట్‌మయర్, కెయిర్న్స్ ఈ ఇంజను పనితీరు చూపించారు: అది డీఎన్‌ఏను పట్టుకుని, ఒక దిక్కుకు లాగుతుంది. లాగినకొద్దీ చుట్టు జారుతుంది.

లాగడానికి బలం కణపు ఇంధనమైన ఏటీపీ నుంచి వస్తుంది. ఏటీపీ పేరు రాగానే యల్లాప్రగడ సుబ్బారావు గారు రావాలి. వచ్చారు. భీమవరంలో 1895లో పుట్టిన మనిషి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరంలో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుక్కున్నాడు. తెలుగువాడని చెప్పి రెండు పేజీల గర్వం నింపడానికి ఇక్కడ అవకాశం ఉంది. ఈమె ఆ పని చేయకుండా ఆయన 1925 నాటి ఇంకో పని దగ్గర ఆగింది, అందుకు మెచ్చుకున్నాను. ద్రావణంలో ఫాస్ఫేటు ఎంతుందో రంగుతో కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అది. మాలిబ్డేటు వేసి, క్షయకరణి కలిపితే నీలం తేలుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేటు అంత. ఇలా ఏటీపీని విరిచే ప్రోటీను ఒక ఫాస్ఫేటును వదులుతుంది కాబట్టి, విరుపు వేగం కొలవడానికి ఆ నీలం దశాబ్దాల పాటు పనికొచ్చింది. బీఎస్సీ ప్రాక్టికల్సులో మా పిల్లలు పరీక్షనాళికలు వరసగా పెట్టి, లేత నీలం నుంచి ముదురు నీలం దాకా చూసి కేకలు పెట్టేవారు. సుబ్బారావు గారి పేరు ఆ పద్ధతిలో ఉందని చెప్పినప్పుడు సగం మంది నమ్మేవారు కాదు.

నాలుగో అధ్యాయం కణవిభజన. నా జీవితమంతా ఉల్లివేరు కొనల్లో గడిచింది కాబట్టి దీన్ని కాస్త గట్టిగానే పరీక్షించాను. సీసా మూతి మీద ఉల్లిగడ్డ నిలబెట్టి వేర్లు దింపడం, పొద్దున్నే కొనలు కోసి ఆల్కహాలు-ఎసిటిక్ ఆమ్లంలో వేయడం, ఆమ్లంలో మెత్తబరిచి ఎసిటోకార్మిన్ చుక్క వేయడం, కవర్‌స్లిప్ మీద బ్లాటింగ్ కాగితం పెట్టి బొటనవేలితో నొక్కడం, వేలు పక్కకు జారితే స్లయిడు పాడు. అలా చూసిన ఉల్లి కణంలో పదహారు క్రోమోజోములు ఎర్రగా, విడివిడిగా కనబడతాయి. ఈస్టుకూ పదహారే. కానీ మా సూక్ష్మదర్శినిలో ఈస్టు క్రోమోజోములు కనబడవు, అంత చిన్నవి. కంటికి కనబడని చోట విభజన తప్పిందని ఎలా చెబుతారన్నది వృక్షశాస్త్రం మేష్టారుకు సహజంగా వచ్చే అనుమానం. ఈ అధ్యాయం దాన్ని తీర్చింది.

తీర్చిన విధానం ఇది. ప్రతి క్రోమోజోముకూ సెంట్రోమియరనే పట్టు ఉంటుంది, చీలేటప్పుడు క్రోమోజోములను లాగే సన్నటి నాళికలు అక్కడే తగులుకుంటాయి. మన క్రోమోజోముల్లో అది లక్షల అక్షరాల మేర పరుచుకుని ఉంటే, ఈ ఈస్టులో కేవలం 125 అక్షరాల ముక్క. ఒక్కో పట్టుకు ఒక్కో నాళిక. అంత ఇరుకు చోట చుట్టు ఏ మాత్రం చెదిరినా పట్టు జారుతుంది. 1998లో హిరోషిమా వాళ్ళు తమ ఎన్‌పీఎస్1 మ్యూటెంటులో సెంట్రోమియర్ల చుట్టూ క్రొమాటిన్ అమరిక మారిపోయిందని చూపించారు. ఆ మ్యూటెంటు థయాబెండజోలు అనే మందుకు తట్టుకోలేదు. ఈ మందు వంశం మనకు తెలిసినదే: మన రైతులు వేరుశనగకూ మిరపకూ కొట్టే కార్బెండజిమ్ కుటుంబానిదే. శిలీంధ్రాల నాళికలను కూలదోసేది. నాళికలకు పట్టు ముందే బలహీనంగా ఉన్న కణాన్ని కాస్త మందే చంపేస్తుందన్న మాట. 2003లో లారెంట్ బృందం ఆర్‌ఎస్‌సీ లేకపోతే సెంట్రోమియరు దగ్గర కట్టుకునే ప్రోటీన్ల నిర్మాణమే సరిగ్గా పనిచేయదని చూపింది. మరుసటి ఏడాది అదే బృందం, రెండు తోబుట్టు క్రోమోజోములను కలిపి ఉంచే కొహీసిన్ వలయాలు భుజాల మీదికి చేరడానికీ ఆర్‌ఎస్‌సీ కావాలంది. చీల్చడానికీ అదే, చీలేదాకా కలిపి ఉంచడానికీ అదే.

పుస్తకం చెప్పదలచుకున్న విషయం ఇక్కడికి వచ్చేసరికి నాకు తెలిసింది. క్రొమాటిన్ రీమోడలర్ అనగానే అందరం మూసిన దాన్ని తెరిచే పనిముట్టు అనుకుంటాం. పాఠ్యపుస్తకాలు అలాగే రాస్తాయి, నేనూ అలాగే చెప్పేవాణ్ణి. ఈమె ఆ మాట ఎక్కడా వాడలేదు. ఎందుకు వాడలేదో ఆరో అధ్యాయంలో హైదరాబాదు వచ్చాక అర్థమవుతుంది.

హబ్సిగూడలోని సీసీఎంబీ గురించి మనవాళ్ళకు డీఎన్‌ఏ వేలిముద్రల కేసుల వల్లా, పులుల డీఎన్‌ఏ వల్లా తెలుసు. పుష్పమిత్ర భార్గవ పట్టుబట్టి నిలబెట్టిన ఆ సంస్థలో ఈస్టు క్రొమాటిన్ మీద ఏళ్ళ తరబడి జరిగిన పని సంగతి పత్రికలకు ఎక్కలేదు. పూర్ణిమా భార్గవ బృందం ఎంచుకున్నవి టీఆర్‌ఎన్‌ఏ జన్యువులు. ప్రోటీనును కూర్చేటప్పుడు ఒక్కో అమైనో ఆమ్లాన్నీ మోసుకొచ్చే చిన్న అణువులకు మూలాలు అవి. ఈస్టులో సుమారు 275 ఉన్నాయి. చాలా పొట్టివి, కణం నిరంతరం చదువుతూనే ఉంటుంది, కాబట్టి వాటి మీద న్యూక్లియోసోము ఉండదు. అటూ ఇటూ మాత్రం ఒక్కోటి కావలి కాస్తుంటుంది. 2011లో ఈ బృందం ఎస్‌యూపీ4 అనే అలాంటి జన్యువును నమూనాగా తీసుకుని ప్రచురించిన పత్రంలో ఒక విచిత్రం తేలింది. జన్యువు ముగిసే చోటికి ఆనుకుని ఉన్న న్యూక్లియోసోమును అక్కడే నిలబెట్టి ఉంచేది ఆర్‌ఎస్‌సీ. దానివల్ల ఆ జన్యువు చురుగ్గా ఉన్న వేళ కూడా చదువుడు వేగం తగ్గుతుంది.

ఆగి మళ్ళీ చదవాలి ఆ సంగతి. అడ్డాలు తొలగించేదని పేరున్న యంత్రం ఇక్కడ అడ్డం పెడుతోంది. ఎందుకు పెట్టాలి? కణంలో టీఆర్‌ఎన్‌ఏల నిష్పత్తులు కుదురుగా ఉండాలి, ఒకటి మరీ ఎక్కువై మరొకటి తక్కువైతే ప్రోటీన్ల తయారీలో గందరగోళం వస్తుంది. అందుకే చురుకైన జన్యువునూ కాస్త అదుపులో ఉంచడం అవసరం కావచ్చని ఆ పత్రం అంటుంది. అంతేకాదు, ఈస్టుకు తిండి కరువై జన్యువు ఆగిపోయినప్పుడు, మళ్ళీ తిండి దొరకగానే త్వరగా పనిలోకి దిగే స్థితిలో దాన్ని ఉంచడం కూడా ఈ ఏర్పాటులో భాగమే. పక్కనున్న న్యూక్లియోసోముల్లో మామూలు హిస్టోను బదులు హెచ్2ఏ.జెడ్ అనే వేరే రకం కూర్చుని, ఆ కరువును పసిగడుతుంది. ఫ్యాక్ట్ అనే ఇంకో కూటమి ఆ హిస్టోనును తెచ్చి కూర్చోబెడుతుంది. హైదరాబాదు పనికి ఇచ్చిన ఈ పదహారు పేజీలను ఇంగ్లీషులో చదివినా ఇంత తేటగా అర్థమవుతుందని నేననుకోను. ఇది నా పక్షపాతమే కావచ్చు, ఉండనివ్వండి.

అంటే తెరవడం, మూయడం, చీల్చడం, కలిపి ఉంచడం అన్న నాలుగు మాటలూ మనం బయట నుంచి పెట్టుకున్నవి. ఆ ప్రోటీను దృష్టిలో ఒకటే పని, చుట్టను ఉండాల్సిన చోట ఉంచడం. చోటును బట్టి ఫలితం మారుతుంది. కొలంబియా వాళ్ళు ఒక ఫలితం దగ్గరినుంచి వచ్చారు, హిరోషిమా వాళ్ళు ఇంకో ఫలితం దగ్గరినుంచి. రెండు దారుల చరిత్రను ముందు చెప్పి, హైదరాబాదు ఫలితాన్ని తర్వాత పెట్టడంలో రచయిత్రి నేర్పు ఉంది. క్రమం తిప్పి రాసి ఉంటే ఈ సంగతి నాకు తట్టేది కాదు.

జబ్బుల అధ్యాయం చిన్నది. చిన్నదిగా ఉండటమే మంచిదైంది. మనిషిలో ఆర్‌ఎస్‌సీకి దగ్గరి కూటమి పీబాఫ్. దానిలోని ఒక ప్రోటీనుకు మూలమైన పీబీఆర్‌ఎమ్1 జన్యువు, మూత్రపిండాల కాన్సరులో ఎక్కువగా కనబడే రకంలో సుమారు 40 శాతం గడ్డల్లో చెడిపోయి ఉంటుందని 2011లో తేలింది. చంటిపిల్లలకు వచ్చే ర్యాబ్డాయిడ్ గడ్డల్లో చెడే జన్యువు ఈస్టు ఆర్‌ఎస్‌సీలోని ఎస్‌ఎఫ్‌హెచ్1కు బంధువని 1998 నుంచి తెలుసు. మొత్తం మీద మనుషుల కాన్సర్లలో ఐదింట ఒకదానిలో ఈ కుటుంబం కూటముల్లో ఏదో ఒక ప్రోటీను దెబ్బతిని ఉంటుంది. ఇంతవరకు చెప్పి ఆమె ఆగింది. రేపు మందు వస్తుందని ఆశ చూపలేదు. వైశాలి చుట్టుపక్కల పెద్ద ఆసుపత్రులు చాలా ఉన్నాయి. మన ఊళ్ళ నుంచి వైద్యానికి వచ్చి బంధువుల ఇళ్ళలో దిగేవాళ్ళను ప్రతి తెలుగు కుటుంబమూ చూస్తూనే ఉంటుంది. వాళ్ళ చేతికి ఈ పుస్తకం చిక్కినా ఇబ్బంది లేదు. లేని భరోసా ఏదీ ఇందులో ఇవ్వలేదు.

ఢిల్లీ పక్క పని గురించి ఒక పేజీ ఉంది, ఇంకా ఉండాల్సింది. జేఎన్‌యూలో రోహిణీ ముత్తుస్వామి బృందం ఇదే పెద్ద కుటుంబానికి చెందిన స్మార్కాల్1 అనే ప్రోటీను మీద పనిచేస్తోంది. ఆ జన్యువు చెడితే పిల్లల్లో ఎముకలు, మూత్రపిండాలు, రోగనిరోధక శక్తి మూడూ దెబ్బతినే షిమ్కే జబ్బు వస్తుంది. పదహారు పేజీలు హైదరాబాదుకు, ఒక్క పేజీ పక్కనున్న జేఎన్‌యూకు ఇవ్వడం న్యాయమా అని అడిగాను. ఈస్టు దాటి వెళ్ళకూడదని నియమం పెట్టుకున్నానంది. నియమం సరే, జబ్బుల అధ్యాయంలో దాన్ని ఎందుకు తప్పింది?

మిగిలిన పెన్సిలు గీతలు. ఐదో అధ్యాయంలో కూటమి సభ్యుల పేర్లు ఒకదాని వెంట ఒకటి రెండు పేజీలు నడుస్తాయి. పాఠకులు నిర్మొహమాటంగా దాటేసి ఆరోదానికి వెళ్ళవచ్చు, పోయేదేమీ లేదు. పదసూచిక లేదు, ఇది క్షమించలేని లోటు. మూడు బొమ్మలు నల్లగా అచ్చయ్యాయి, ఆ తప్పు ఆమెది కాదు. సాంకేతిక పదాల దగ్గర పంచాయతీ పెట్టుకోకుండా న్యూక్లియోసోమును న్యూక్లియోసోముగా, క్రొమాటినును క్రొమాటినుగా ఉంచింది, నాకు ఇష్టమైంది. మహీధర నళినీమోహన్, వేమూరి వేంకటేశ్వరరావు, కొడవటిగంటి రోహిణీప్రసాద్ వంటివారు తెలుగులో సైన్సును చదివించగలిగారంటే విషయం మీద పట్టు, వాక్యం మీద అదుపు రెండూ ఉండబట్టే. ఈమెకు మొదటిది పూర్తిగా ఉంది. రెండోది తొంభైపాళ్ళు ఉంది. పొడుగు వాక్యాలు తుంచుకుంటే మిగతాదీ వస్తుంది.

ఆఖరి గీత పాంబే గురించి. ఆఫ్రికా చిరుధాన్యాల బీరులో 1893లో దొరికిన షైజోసాకరోమైసిస్ పాంబే కూడా ఈస్టే. మొగ్గ తొడగకుండా మధ్యకు చీలి రెండవుతుంది. హార్ట్‌వెల్‌తో నోబెల్ పంచుకున్న పాల్ నర్స్ తన కణవిభజన పని ముఖ్యంగా దాని మీదే చేశాడు. దానిలోనూ ఈ జన్యువుకు జోడీ ఉంది, ఎస్‌ఎన్‌ఎఫ్21 అని, అదీ ప్రాణావసరమైనదే. రెండు ఈస్టులూ కోట్ల ఏళ్ళ కిందట విడిపోయిన బంధువులు కాబట్టి, ఒకదానిలో కనబడ్డది రెండోదానిలో ఎంతవరకు నిలుస్తుందో చూడటం ఈ కథకు సహజమైన తరువాయి. పుస్తకంలో దాని ఊసే లేదు. అడిగితే, "అది ఇంకో పుస్తకం మాస్టారూ" అంది. అయితే ఆ పుస్తకానికి ముందుమాట కుర్రవాళ్ళెవరి చేతైనా రాయించుకో అన్నాను. ఒప్పుకోలేదు.

వైశాలి, గాజియాబాదు